స్కాలర్‌షిప్ విందు రోజున పిల్లల చేతికి మైకు ఇవ్వాలా?

పెన్నాతీరం (న్యూజెర్సీ) | ఆదివారం రాత్రి

అందరికీ వందనాలు. ఒక విషయంలో మీ సలహా కావాలి. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా విచారణలో, అంటే మా కథోలిక గుడి పరిధిలో, ఏటా ఈస్టర్ పండుగ అయ్యాక ఒక శనివారం సాయంత్రం విందు పెడతాం. కాలేజీలో చదువుతున్న మా గుడి పిల్లలకు ఫీజు సాయం కోసం. గుడి హాల్లోనే కాబట్టి అద్దె లేదు. టికెట్ 100 డాలర్లు. పోయినేడు 160 మంది వచ్చారు. టికెట్ల మీద 16,000, స్పాన్సర్లుగా నిలిచిన కుటుంబాలు, దుకాణాల నుంచి 10,000, సైలెంట్ ఆక్షన్‌లో (కాగితం మీద ధర రాసి పాడుకునే వేలంలో) 6,000 వచ్చాయి. భోజనం మనిషికి 45 చొప్పున 7,200, బల్లలు, సౌండు, ప్రింటింగు కలిపి 2,800 ఖర్చయింది. మిగిలిన 22,000 పదకొండు మందికి తలా 2,000 ఇచ్చాం.

విచారణలో తెలుగు కుటుంబాలం ఆరే. ఎక్కువమంది ఫిలిప్పీన్స్, మెక్సికో వాళ్ళు, పాత ఐరిష్ కుటుంబాలు. ఈసారి నన్ను కమిటీలో వేశారు. నాకిచ్చిన పని, సాయం అందుకున్న ఒక విద్యార్థితో స్టేజీ మీద మాట్లాడించడం. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ఎక్కి ఇంటి కష్టం చెబుతారు, కొందరు ఏడుస్తారు, తర్వాత ఫాదర్ గారు వచ్చి, స్పాన్సర్లుగా నిలిచేవాళ్ళను చెయ్యెత్తి చెక్కులు రాయమని అడుగుతారు.

కమిటీ ఒక అమ్మాయి పేరు సూచించింది. కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్ రెండో ఏడాది. వాళ్ళమ్మ రాత్రిపూట ఆఫీసు బిల్డింగులు శుభ్రం చేస్తుంది. పూజ అయ్యాక నెమ్మదిగా అడిగాను. "ఆంటీ, ఈ ఏడాది నాకు డబ్బు ఇవ్వకపోయినా సరే, అమ్మ గురించి మైకులో చెప్పమనొద్దు" అంది. మూడు రోజులుగా ఆ మాట చెవిలోనే ఉంది. కమిటీలో ఏం చెప్పాలో తెలియడం లేదు.

కొండవీడు (టెక్సాస్) | ఆదివారం రాత్రి

అక్కా, ఆ అమ్మాయిని బలవంతం చెయ్యొద్దు, అది సరే. కానీ మాట్లాడించే పద్ధతే తీసేస్తామంటే ఒకసారి ఆలోచించండి. నేను ఎనిమిదేళ్ళుగా నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే కథోలిక పురుషుల సేవా సంఘంలో ఉన్నాను, మా కౌన్సిల్ విందులు దగ్గరుండి చూశాను. టికెట్ కొన్నవాడు భోజనానికే వస్తాడు. పిల్లవాడి గొంతు విన్నాకే రెండోసారి చెక్‌బుక్ తీస్తాడు. ఇది నా కళ్ళతో చూసింది.

సాయం అడగడం చిన్నతనం కాదని కూడా చెప్పాలి. మా సంఘాన్ని 1882లో న్యూ హేవెన్‌లో స్థాపించిన మైఖేల్ మెక్‌గివ్నీ ఫాదర్ గారు సెమినరీలో, అంటే గురువులయ్యే చదువులో, ఉండగా తండ్రి పోయారు. ఇల్లు చూసుకోవడానికి వెనక్కి వచ్చేశారు. బిషప్ గారు డబ్బు సాయం చేస్తేనే బాల్టిమోర్‌లో చదువు పూర్తయింది. 2020 అక్టోబర్ 31న ఆయన్ని ధన్యుడిగా (పునీతుడి హోదాకు ముందు మెట్టు) ప్రకటించారు. ఆ కథ చెబితే ఆయన గౌరవం తగ్గిందా?

తెల్లకాగితం (పుణె) | సోమవారం ఉదయం

కొండవీడు గారూ, ఆ కథ మీరు చెబుతున్నారు, అదీ ఆయన పోయిన ఇన్నేళ్ళకు. ఆయన్ని నిలబెట్టి ఆయన చేతే చెప్పించలేదు. తేడా అక్కడే ఉంది.

ఈ వేదికలో నా పేరు తెల్లకాగితం అని ఎందుకు పెట్టుకున్నానో ఎప్పుడూ చెప్పలేదు. ఈరోజు చెబుతాను.

నేను కోస్తాలో ఒక హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాను. ఏ హాస్టలో చెప్పను. అక్కడి సిస్టర్లు నాకు అన్నం పెట్టారు, రాత్రి పదకొండు వరకు కూర్చుని లెక్కలు చెప్పారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఒకసారి విదేశాల నుంచి దాతలు వచ్చారు. వాళ్ళకు హాల్లో విందు. మమ్మల్ని పద్దెనిమిది మందిని గోడ వెంబడి నిలబెట్టి తలా ఒక తెల్లకాగితం చేతికిచ్చారు. దాని మీద స్కెచ్ పెన్నుతో పేరు, క్లాసు, తండ్రి పని, ఏడాది ఆదాయం ఇంగ్లీషులో రాసి ఉన్నాయి. గుండెల దగ్గర పట్టుకోమన్నారు. దాతలు ఒక్కొక్కరి దగ్గరా ఆగి, చదివి, తల మీద చెయ్యి వేసి ముందుకెళ్ళారు. మా నాన్న సున్నపు బట్టీలో కూలీ. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే, దానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. ఆ కాగితం పట్టుకున్న ఇరవై నిమిషాలు మాత్రం సిగ్గుపడ్డాను. మా నాన్నను చూసి సిగ్గుపడ్డానే అని ఆ రాత్రి దుప్పటి కప్పుకుని ఏడ్చాను.

ఆ రోజు మాకూ అదే కోడికూర పెట్టారు. కానీ వాళ్ళు వెళ్ళాక.

ఆ డబ్బుతోనే చదువుకున్నాను. ఇప్పుడు నేనే ఏటా ఇద్దరికి ఫీజు కడుతున్నాను. వాళ్ళ పేర్లు నాకు తెలియవు, చెప్పొద్దని అడిగాను కూడా. పెన్నాతీరం అక్కా, ఆ పిల్ల డబ్బు వదులుకోవడానికైనా సిద్ధపడి చెప్పింది. అంతకన్నా గట్టిగా ఎవరు చెబుతారు?

మిరపతోట (గుంటూరు) | సోమవారం ఉదయం

చదివాక కాసేపు ఏమీ టైప్ చెయ్యలేకపోయాను అక్కా.

లెక్కలమాస్టారు (చికాగో) | సోమవారం సాయంత్రం

తెల్లకాగితం గారి మాటకు నేను చేర్చేదేమీ లేదు. నాకు తెలిసింది లెక్కలు, అవి చెబుతాను. చాలా విచారణల్లో ఇవి తెలియక తప్పులు జరుగుతున్నాయి.

టికెట్ 100, భోజనం విలువ 45 అయితే దాతకు పన్ను మినహాయింపు దొరికేది 55కే. టికెట్ లాంటి చెల్లింపు 75 డాలర్లు దాటితే ఈ సంగతి మీరే రాతపూర్వకంగా చెప్పాలి, అది చట్టం. ఇక్కడ చూడాల్సింది మీకైన ఖర్చు కాదు, ఆ భోజనానికి బయట ఎంత అవుతుందన్నది. ఎవరైనా బిర్యానీ ఉచితంగా వండి ఇచ్చినా దాని విలువ లెక్కలోకి వస్తుంది. 250 అంతకుమించి విరాళం ఇచ్చినవాళ్ళకు రసీదు ఉత్తరం తప్పనిసరి. రాఫెల్ (లాటరీ) టికెట్ కొన్న డబ్బు విరాళం కిందికి రాదు, దాని నియమాలు రాష్ట్రానికో రకం.

ఇంకొకటి. "నా 2,000 ఫలానా అమ్మాయికే ఇవ్వండి" అని దాత ఇస్తే అది మినహాయింపుకు పనికిరాదు. ఎవరికివ్వాలో కమిటీయే తేల్చాలి. కాబట్టి పిల్లలను దాతలకు ముఖాముఖి చూపించాల్సిన అవసరం చట్టం ప్రకారం కూడా లేదు. విద్యార్థి వైపు చూస్తే, డిగ్రీ చదువులో ఆ సొమ్ము ఫీజుకు, తప్పనిసరి పుస్తకాలకు వాడితే పన్ను లేదు. గది అద్దెకు, తిండికి వాడితే ఆ మేరకు ఆదాయమే.

అన్నిటికంటే బాధ కలిగించేది ఇంకోటి ఉంది. బయటి స్కాలర్‌షిప్ వచ్చిందని తెలియగానే కొన్ని కాలేజీలు తామిచ్చే సాయంలో అంత మొత్తం కోసేస్తాయి. మీ 160 మంది తిన్న విందు చివరికి కాలేజీకి లాభం, పిల్లకు సున్నా. మేరీల్యాండ్ 2017లో ప్రభుత్వ కాలేజీల్లో దీన్ని కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది. మీరు చెక్కు రాసే ముందు ఆ అమ్మాయిని ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో ఒక ప్రశ్న అడగమనండి: ఈ డబ్బు వస్తే ముందు నా లోను తగ్గిస్తారా, తిరిగి కట్టక్కర్లేని గ్రాంటు తగ్గిస్తారా? లోను తగ్గితే మంచిదే.

బాలయేసు వీధి (ఫిరంగిపురం) | సోమవారం రాత్రి

నేను రిటైరైన టీచర్ని. అమ్మా పెన్నాతీరం, లూకా సువార్త 14వ అధ్యాయం ఒకసారి తియ్యి. విందు చేసేటప్పుడు తిరిగి పిలవగలిగిన స్నేహితులను, ధనవంతులైన ఇరుగుపొరుగును కాదు, తిరిగి ఏమీ ఇవ్వలేని పేదలను పిలవమని ప్రభువు చెబుతాడు. మన స్కాలర్‌షిప్ విందులు దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతున్నాయి. ఉన్నవాళ్ళు కూర్చుంటారు, లేనివాళ్ళు నిలబడతారు. విందు తప్పని నేననను. పిల్లలను, వాళ్ళ అమ్మానాన్నలను అదే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. అప్పుడు సువార్తకు దగ్గరగా వస్తారు.

చదువు సాయం ఎంత దూరం తీసుకెళ్తుందో మనకు వేరే చెప్పాలా? మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్) పూల ఆంథోని గారు కర్నూలు జిల్లా పోలూరులో పుట్టారు. పేదరికం వల్ల ఏడో తరగతితో చదువు ఆగిపోతే మిషనరీలు కడప తీసుకెళ్ళి చదివించారు. 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు, అంటే పోప్ గారి తర్వాతి స్థాయి. తెలుగువాళ్ళలో మొదటి కార్డినల్, దళితుల్లోనూ మొదటి కార్డినల్.

ఒకటి అడుగుతాను. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇక్కడి పిల్లలనూ గుర్తుపెట్టుకోండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవంలోకి వచ్చిన దళితులకు ఎస్సీ హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు, మనకు ఇవ్వలేదు. ఇక్కడ మనకున్నది బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషనే. మా వీధిలో డిగ్రీ మధ్యలో మానేసిన పిల్లలను వేళ్ళ మీద లెక్కపెట్టలేను. మీ విందు డబ్బులో కొంత ఇటు పంపలేరా?

హాస్టల్ సిస్టర్ (ఏలూరు) | మంగళవారం ఉదయం

ఫిరంగిపురం మాస్టారూ, మీ ఆవేదన నాకు తెలుసు, నేను రోజూ చూసేది అదే. కానీ పంపడం అంత తేలిక కాదు. విదేశీ విరాళం తీసుకోవాలంటే సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు పంచకూడదు. కార్యాలయ ఖర్చులకు 20 శాతం దాటకూడదు, ఇదివరకు 50 ఉండేది. పంచకూడదన్న నియమమే చిన్న హాస్టళ్ళను దెబ్బతీసింది. మా మఠానికి రిజిస్ట్రేషన్ ఉంది, పక్క మండలంలో ముప్పై మంది ఆడపిల్లలున్న చిన్న హాస్టల్‌కు లేదు. ఇదివరకు మేం తీసుకుని వాళ్ళకూ కొంత ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు కుదరదు.

పంపాలనుకునేవాళ్ళు ముందు సంస్థ రిజిస్ట్రేషన్ ఇంకా చెల్లుతోందో లేదో చూసుకోండి. మాకు ఎక్కువగా కావలసింది ట్యూషన్ ఫీజు కూడా కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే చేతి నుంచి కట్టాలి, లేకపోతే సర్టిఫికెట్లు ఇవ్వరు. పరీక్ష ఫీజు, బస్ పాసు, రికార్డు పుస్తకాలు, ల్యాబ్ కోటు. చిన్న మొత్తాలే. వాటి దగ్గరే పిల్లలు ఆగిపోతారు.

తెల్లకాగితం, నీ పోస్టు మా సిస్టర్లందరికీ చదివి వినిపించాను తల్లీ. మా దగ్గరా దాతలు వచ్చినప్పుడు పిల్లలతో స్వాగత నృత్యం చేయించే అలవాటు ఉంది. ఈ ఏడాది ఆపేస్తున్నాం.

తెల్లకాగితం (పుణె) | మంగళవారం ఉదయం

సిస్టర్, నృత్యం ఇష్టమున్న పిల్లలు ఉంటే చెయ్యనివ్వండి, క్రిస్మస్‌కి చేసినట్టు. థాంక్స్.

కొండవీడు (టెక్సాస్) | మంగళవారం రాత్రి

నేను మొండిగా వాదిస్తున్నానని అనుకోకండి. తెల్లకాగితం గారి అనుభవం చదివి నిన్న నిద్ర పట్టలేదు. అయినా దాతల వైపు నుంచి ఒక మాట చెప్పాలి.

పెద్ద విందులు చూడండి. న్యూయార్క్‌లో ఆల్ స్మిత్ డిన్నర్ 1940ల నుంచి జరుగుతోంది. 1928లో అమెరికా అధ్యక్ష పదవికి ఒక పెద్ద పార్టీ తరఫున నిలబడ్డ మొదటి కథోలికుడి పేరు మీద పెట్టింది. ఎన్నికల ఏడాది వస్తే చాలాసార్లు అభ్యర్థులే వచ్చి మాట్లాడతారు, డబ్బు అవసరంలో ఉన్న పిల్లల సేవకు వెళ్తుంది. అక్కడ పిల్లలెవరూ స్టేజీ ఎక్కి ఏడవరు, నిజమే. వాళ్ళ దగ్గర పెద్ద పేర్లున్నాయి. వాషింగ్టన్‌లోని కాథలిక్ యూనివర్సిటీ ఆఫ్ అమెరికాకు స్కాలర్‌షిప్‌ల కోసం 1989లో కార్డినల్స్ విందు మొదలైంది, ఒక్కో ఏడాది ఒక్కో నగరంలో పెట్టారు. అక్కడా పిలిచింది కార్డినల్స్ కాబట్టి జనం వచ్చారు. మా చిన్న విచారణకు ఎవరున్నారు? మాకు ఉన్నది మా పిల్లల గొంతే.

దాతలందరూ ధనవంతులు కాదు కూడా. మా దగ్గర ఒక పెద్దాయన మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఏటా ఒక్క టికెట్ కొంటారు, ఒక్కరే వస్తారు. తన డబ్బు ఎక్కడికి పోయిందో తెలుసుకోవాలని ఆయనకు ఆశ ఉండదా? ఆ ఆశ చెడ్డదా?

హాస్టల్ సిస్టర్ (ఏలూరు) | బుధవారం ఉదయం

చెడ్డది కాదు నాయనా. ఎక్కడికి పోయిందో చెప్పండి, ఎవరికి పోయిందో చెప్పకండి. సెయింట్ కాథరిన్ డ్రెక్సెల్ ఫిలడెల్ఫియాలో పెద్ద బ్యాంకరు కూతురు. వారసత్వంగా వచ్చిన ఆస్తి మీది ఆదాయాన్ని నల్లజాతి, ఆదివాసీ పిల్లల చదువుకు పెట్టి, తను మఠంలో చేరింది. న్యూ ఆర్లీన్స్‌లో ఆమె స్థాపించిన జేవియర్ యూనివర్సిటీ అమెరికాలో నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన ఒకే ఒక్క కథోలిక విశ్వవిద్యాలయం. ఇంత ఇచ్చి కూడా తన పేరు బయటికి రాకుండా చూసుకునేదట. ఇచ్చే చెయ్యే దాక్కుంటే, తీసుకునే చేతిని దీపం కింద పెడతామా?

రెండో సెమిస్టర్ (ఒహాయో) | బుధవారం రాత్రి

నేను ఎమ్మెస్ చదువుతున్నాను. స్టూడెంట్ వీసా కాబట్టి అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇచ్చే చదువు సాయం ఏదీ మాకు రాదు. సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని. పోయిన డిసెంబర్‌లో ఇక్కడి విచారణ విందు నుంచి 1,000 డాలర్లు ఇచ్చారు. ఫీజు గడువు ముందు రోజు అందింది. ఆ రోజు టెన్షన్ నాకే తెలుసు.

విందుకు పిలిస్తే భయపడుతూ వెళ్ళాను. నన్నెవరూ మాట్లాడమనలేదు. రిటైరైన ఇంజినీరు, ఆయన భార్య ఉన్న బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నేను సాయం తీసుకున్నవాణ్ణని వాళ్ళకు తెలుసో లేదో నాకిప్పటికీ తెలియదు. ఆయన గంటసేపు నా ప్రాజెక్టు గురించే అడిగారు, వాళ్ళావిడ నా ప్లేటులోకి ఇంకో రొట్టె వేశారు. నెల తర్వాత ఆయనే ఇంటర్న్‌షిప్‌కి ఒక పరిచయం ఇచ్చారు. కొండవీడు అన్నా, మీ మెకానిక్ గారిని ఏ స్టూడెంటు పక్కనో కూర్చోబెట్టండి. ఆయనకు కావలసింది దొరుకుతుంది.

తెల్లకాగితం (పుణె) | బుధవారం రాత్రి

మంచి మాట తమ్ముడూ. ఒక్క జాగ్రత్త. ప్రతి బల్లకూ ఒక స్టూడెంట్‌ను లెక్కగా పంచితే అది మళ్ళీ ఇంటర్వ్యూ అయిపోతుంది. స్నేహితులను, అమ్మానాన్నలను కూడా పిలవాలి. ఎవరి పక్కన కూర్చోవాలో వాళ్ళే ఎంచుకోవాలి. మెడలో ట్యాగు వద్దు.

పెన్నాతీరం (న్యూజెర్సీ) | శుక్రవారం రాత్రి

మీ అందరి మాటలూ కాగితం మీద రాసుకుని నిన్న కమిటీకి వెళ్ళాను. తెల్లకాగితం గారి పోస్టును ఊరు, పేరు లేకుండా ఇంగ్లీషులో చెప్పాను. మధ్యలో నా గొంతు పూడుకుపోయింది. ఫిలిప్పీన్స్ ఆవిడ ఒకరు మిగతాది అర్థం చేసుకుని, తను చిన్నప్పుడు ఇలాగే దాతలకు థాంక్యూ ఉత్తరాలు రాసేదాన్నని, ఏం రాయాలో బోర్డు మీద రాసి కాపీ చేయించేవాళ్ళని చెప్పింది. వాదన రెండు గంటలు నడిచింది. కోశాధికారి గారు ఒప్పుకోలేదు, విరాళాలు తగ్గుతాయని ఆయన భయం. చివరికి ఈ ఒక్క ఏడాది ప్రయత్నిద్దామన్నారు.

పిల్లలకు, ఇంటివాళ్ళకు మిగతా అతిథులకు వెళ్ళే ఇన్విటేషన్ కార్డే వెళ్తుంది. మైకు పిల్లలకు కాదు. ఇదివరకు సాయం తీసుకుని ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళను, ఇష్టమైతేనే, తమ పని గురించి మాట్లాడమన్నాం. ఒకతను ల్యాబ్ టెక్నీషియన్, వెంటనే సరేనన్నాడు. పేర్లు లేకుండా ఖర్చుల పట్టీ ఒకటి చదువుతాం: సెమిస్టర్ ఫీజు ఎంత, నర్సింగ్ యూనిఫాం ఎంత, స్టెతస్కోప్ ఎంత, బస్సుకు ఎంత. చెయ్యెత్తించి అడగడం కూడా మానేసి, విరాళం రాయడానికి బల్ల మీద కార్డు, పెన్ను పెడతాం.

లెక్కలమాస్టారు (చికాగో) | శుక్రవారం రాత్రి

పిల్లలకు ఉచిత భోజనం అంటే మనిషికి 45 అదనపు ఖర్చు. ముందే బడ్జెట్‌లో వెయ్యండి, కోశాధికారి గారికి ఆ అంకె మీరే చూపించండి. తర్వాత ఆయనే కనిపెడితే నమ్మకం పోతుంది.

కొండవీడు (టెక్సాస్) | శనివారం ఉదయం

మేం ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో శుక్రవారాలు చేపల వేపుడు పెడతాం. ప్లేటు తక్కువ ధరే కాబట్టి ఇంటిల్లిపాదీ వస్తారు, సాయం తీసుకునేవాళ్ళూ వరుసలో నిలబడి డబ్బిచ్చి తింటారు. అక్కడ ఎవరు దాత, ఎవరు కాదు అన్నది కనిపించదు. ఇన్నాళ్ళూ ఈ కోణంలో చూడలేదు. మీ విందు ఎలా జరిగిందో తప్పక రాయండి అక్కా.

పెన్నాతీరం (న్యూజెర్సీ) | ఐదు వారాల తర్వాత, ఆదివారం

నిన్న విందు అయింది. లెక్కలు ముందు చెబుతాను, మాస్టారు అడుగుతారు కాబట్టి. టికెట్లు ఈసారి 148 మాత్రమే అమ్ముడయ్యాయి, అంటే 14,800. స్పాన్సర్లు 11,500, ఆక్షన్ 5,200, బల్ల మీద కార్డుల ద్వారా 6,100. మొత్తం 37,600. పిల్లలు, వాళ్ళ ఇంటివాళ్ళు కలిపి 26 మంది వచ్చారు. 174 మందికి భోజనం 7,830, మిగతా ఖర్చు పోయినేడు లాగే 2,800. చేతిలో మిగిలింది 26,970. కోశాధికారి గారు రెండుసార్లు కూడి చూసుకున్నారు.

అందరూ సంతోషపడలేదు. ఏటా వచ్చే ఒక కుటుంబం "ఈసారి కథ ఏమీ లేదే" అని అడిగి వెళ్ళారు. వాళ్ళకు ఫోన్ చేసి మాట్లాడాలి.

ఖర్చుల పట్టీ చదువుతున్నప్పుడు హాలు నిశ్శబ్దమైపోయింది. స్టెతస్కోప్ అనే మాట దగ్గర ఒక ముసలావిడ కార్డు మీద రాయడం నేను చూశాను. తర్వాత చూస్తే "స్టెతస్కోప్‌లు రెండు" అని ఉంది, కింద చెక్కు పిన్ను చేసి ఉంది.

కొండవీడు (టెక్సాస్) | ఆదివారం

చాలా సంతోషం అక్కా. పెరిగింది కార్డుల వల్లనా, మైకు తీసేసినందుకా అన్నది ఒక్క ఏడాదితో తేలదు. కానీ మైకు తీసేస్తే పడిపోతుందన్న నా మాట తప్పని తేలింది. మా కౌన్సిల్లో పెడతాను.

బాలయేసు వీధి (ఫిరంగిపురం) | ఆదివారం

దేవునికి స్తోత్రం. సిస్టర్ గారూ, మీ మఠం వివరాలు పెన్నాతీరం అమ్మకు విడిగా పంపండి. పరీక్ష ఫీజుల గురించి వచ్చే ఏడాదికైనా వాళ్ళు ఆలోచిస్తారు.

తెల్లకాగితం (పుణె) | ఆదివారం

అక్కా, ఒక్కటి అడగాలి. ఆ నర్సింగ్ అమ్మాయి వాళ్ళమ్మ వచ్చారా?

పెన్నాతీరం (న్యూజెర్సీ) | ఆదివారం

వచ్చారు. రాత్రి డ్యూటీ మార్చుకుని మరీ వచ్చారు. నీలం రంగు గౌను వేసుకున్నారు. కూతురి స్నేహితులున్న బల్ల దగ్గర కూర్చున్నారు, రెండోసారి కూడా వడ్డించుకున్నారు. వెళ్ళేటప్పుడు క్యారట్ కేకు ఎవరు చేశారని నన్ను అడిగారు.

తెల్లకాగితం (పుణె) | ఆదివారం

ఎవరు చేశారు?

పెన్నాతీరం (న్యూజెర్సీ) | ఆదివారం

కోశాధికారి గారి భార్య. ఇద్దరినీ కలిపాను. కారు పార్కింగు దగ్గర చాలాసేపు మాట్లాడుకుంటూ నిలబడ్డారు.